ఈని నెల కాలేదు, ఆవుకి 105 జ్వరం, భుజం ముందు గడ్డ. ఏం టెస్టులు చేయించాలి?

కొత్త_పాడి (పలమనేరు దగ్గర)

అన్నలూ, డాక్టర్ గార్లు ఎవరైనా ఉంటే కాస్త చూడండి, టెన్షన్‌గా ఉంది. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్, విదేశీ జాతి) క్రాస్ ఆవు, రెండో ఈత, ఈని నెల కూడా కాలేదు. చూడి మీద ఉండగా కోలారు వైపు నుంచి తెచ్చాం. పూటకి 8, 9 లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు పిండితే 3 లీటర్లు కూడా రావడం లేదు. దాణా ముట్టడం లేదు, పచ్చిగడ్డి వేస్తే రెండు పోచలు కొరికి వదిలేస్తోంది, నెమరు లేదు, ముట్టె ఎండిపోయింది, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. థర్మామీటర్ పెడితే 105.4. కుడి భుజం ముందు తోలు కింద నిమ్మకాయ కంటే పెద్ద గడ్డ ఉంది, చేత్తో పట్టుకుంటే అటూ ఇటూ జారుతోంది.

ఊళ్లో సూదులు వేసే అతను వచ్చి జ్వరానికి ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి వేసి పోతున్నాడు. వేసిన పూట జ్వరం దిగుతుంది, మళ్లీ సాయంత్రానికి మామూలే. ఇంకో రెండు రోజులు వేద్దాం అంటున్నాడు. మూత్రం రంగు మారలేదు. గంగడోలు కింద, తోక మొదట్లో, పొదుగుకీ తొడకీ మధ్య సందులో పిడుదులు బాగా ఉన్నాయి. అయితే పక్కింటోళ్ల నాటావుకి ఇంతకు రెండింతలు ఉన్నాయి, అది మాత్రం హాయిగా మేస్తోంది. అందుకే వాటి వల్ల కాదేమో అనుకుంటున్నా. ఏం టెస్టులు చేయించాలి, ఎక్కడ చేస్తారు?

డెల్టా_గేదె (తెనాలి)

తమ్ముడూ, ఈనిన కొత్తలో జ్వరం వచ్చి పాలు పడిపోయాయంటే మా వైపు ముందు చూసేది పొదుగు. నాలుగు రొమ్ముల్లోంచీ మొదటి ధారలు విడివిడిగా నల్లగుడ్డ మీద పిండి చూడు. విరుగుళ్లు, నీళ్లలాంటి పాలు, రక్తపు జీర ఏదైనా కనిపిస్తే పొదుగు వాపే. చేత్తో తడిమితే ఆ భాగం వేడిగా, గట్టిగా ఉంటుంది, తన్నుతుంది కూడా. మాయ పూర్తిగా పడిందా, కింద నుంచి వాసనతో ఏమైనా కారుతోందా అన్నది కూడా చూడు. గర్భసంచిలో చీము పడితే ఇలాగే జ్వరం కాస్తుంది.

పాల జ్వరం అనేవాళ్లు కూడా వస్తారు, పేరులో జ్వరం ఉంది కదా అని. అది కాల్షియం తగ్గడం. అందులో ఒళ్లు చల్లబడుతుంది, చెవులు మంచుగడ్డల్లా అయిపోతాయి, పశువు లేవలేక తల డొక్క వైపు తిప్పుకుని పడుకుంటుంది. నీ ఆవుకి 105 ఉందంటే అది కాదు, ఎవరో చెప్పారని కాల్షియం సీసా ఎక్కించొద్దు.

కొత్త_పాడి

అన్నా, ఇప్పుడే పిండి చూశా. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి, పొదుగు మెత్తగానే ఉంది. మాయ ఈనిన రోజే పడిపోయింది, వాసన ఏమీ లేదు.

రిటైర్డ్_పశువైద్యుడు

ఫోన్లో చదివి ఫలానా జబ్బే అని ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే. కానీ క్రాస్ ఆవు, ఒంటి నిండా పిడుదులు, 105 దాటిన జ్వరం, భుజం ముందు గ్రంథి వాపు, యాంటీబయాటిక్‌కి లొంగకపోవడం, ఇవన్నీ ఒకచోట చేరాయంటే నా అనుమానం ముందు థైలేరియా మీదకే పోతుంది. పైగా ఈత ఒత్తిడిలో ఉంది. ఎప్పుడో ఒంట్లో చేరి అణిగి ఉన్నది కూడా ఈనిన తర్వాత బయటపడుతుంది.

ఇది పిడుదు కుట్టినప్పుడు దాని లాలాజలంతో వచ్చే పరాన్నజీవి. ఒంట్లోకి రాగానే తెల్ల రక్తకణాల్లో చేరి లింఫ్ గ్రంథుల్లో పెరుగుతుంది, మీరు చూసిన గడ్డ అదే. అది చీముగడ్డ కాదు, ఎవరైనా కోస్తానంటే కోయనివ్వొద్దు. ఆ తర్వాత ఎర్ర కణాల్లోకి దిగుతుంది, అక్కడి నుంచి రక్తం విరగడం మొదలవుతుంది. కింది కనురెప్ప లాగి చూడండి. గులాబీ రంగులో ఉంటే ఇంకా టైం ఉంది, తెల్ల కాగితంలా ఉంటే లేదు. రెప్ప లోపల సూదిమొనంత ఎర్ర చుక్కలున్నా, పసుపు తేలినా మీ డాక్టర్‌కి చెప్పండి. ఆయాసం మొదలైతే మాత్రం గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇక టెస్టు. చెవి కొసన సన్న రక్తనాళాన్ని సూదితో గుచ్చి, వచ్చిన మొదటి చుక్కని గాజు స్లైడ్ మీద పల్చగా పూత పూస్తారు, ఆరబెట్టి జీమ్సా రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అంతే, పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. ఇక్కడ ఒక చిక్కుంది. జబ్బు మొదట్లో పరాన్నజీవి ఇంకా గ్రంథిలోనే ఉంటుంది, రక్తం స్లైడ్ ఖాళీగా కనబడుతుంది. అందుకని ఆ గడ్డలోకి సూది పెట్టి లాగిన చుక్కతో రెండో స్లైడ్ కూడా చేయమని అడగండి. తెల్లకణాల లోపల నీలం చుక్కల గుంపులు కనిపిస్తే, కాక్ బ్లూ బాడీస్ అంటాం వాటిని, ఇక అనుమానం ఉండదు. దాంతోపాటు మెడ నరం నుంచి ఈడీటీఏ ట్యూబులోకి, వంకాయ రంగు మూత ఉంటుందే అందులోకి, రక్తం తీయించి హిమోగ్లోబిన్ చూపించండి. ట్యూబు ఐసు పక్కన పెట్టి తీసుకెళ్లొచ్చు, రక్తం మంచులా గడ్డకట్టనివ్వకూడదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పైకి ఒకేలా కనిపించే జబ్బులు ఇంకో మూడున్నాయి, మందు మాత్రం దేనిది దానికే. బబీసియా అయితే మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది, దానికి డిమినజీన్. అనాప్లాస్మా అయితే మూత్రం ఎర్రబడదు కానీ రక్తహీనత, కామెర్లు, పేడ గట్టిపడటం ఉంటాయి, దానికి ఆక్సీటెట్రాసైక్లిన్. జోరీగల వల్ల వచ్చే సర్రాలో జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, కొన్ని పశువులు గుండ్రంగా తిరుగుతాయి, గోడకి తల ఆనించి నిలబడతాయి, దాని మందు వేరే. థైలేరియాకి బ్యూపార్వాక్వోన్. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బు పోవడం ఒక్కటే కాదు, ఆ రెండు మూడు రోజుల్లో రక్తం కూడా పోతుంది. యాంటీబయాటిక్ పడ్డాక అనాప్లాస్మా లాంటివి స్లైడ్‌లో దొరకడం కూడా కష్టమవుతుంది. అందుకే మొదటి సూది కంటే ముందు స్లైడ్ తీయాలి. మీకు ఆ అవకాశం దాటిపోయింది, పర్వాలేదు, ఇవాళైనా తీయించండి.

మండల పశువైద్యశాలకి ఫోన్ చేయండి, లేదంటే 1962కి కొట్టండి, సంచార వైద్యం వాహనం వస్తుంది. మీకు తిరుపతి వెటర్నరీ కాలేజీ కూడా మరీ దూరం కాదు. ఆవుని లారీ ఎక్కించి తిప్పకండి, ఈ స్థితిలో ప్రయాణం దాన్ని సగం చంపుతుంది. స్లైడులు, ట్యూబు తీసుకెళ్తే చాలు.

నాటావు సంగతి. మన దేశవాళీ పశువులు తరతరాలుగా ఈ పిడుదుల మధ్యే పెరిగాయి, ఈ పరాన్నజీవి ఒంట్లో ఉన్నా చాలావరకు తట్టుకుంటాయి. గేదెలూ అంతే. హెచ్‌ఎఫ్, జెర్సీ రక్తం ఎక్కువయ్యే కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. కాబట్టి పక్కింటి ఆవు హాయిగా ఉందంటే దాని దగ్గర జబ్బు లేదని కాదు, మీ కొట్టానికి చేరవేస్తున్నది అదే కావచ్చు.

గోమార్లతో_వేగలేక (సిద్దిపేట)

డాక్టర్ సాబ్ చెప్పింది నిజం, మా దగ్గర గోమార్లు అంటాం వీటిని. పోయినేడు మా జెర్సీ క్రాస్‌కి ఇదే వచ్చింది. అన్నా, ఎక్కువ ఆలోచించకు, ఐవర్‌మెక్టిన్ ఒక్క సూది వేయించు, రెండు రోజుల్లో అన్నీ రాలిపోతయి. మళ్లీ మూడు నెలలకోసారి వేస్తే చాలు. స్ప్రేలు గిప్రేలు అన్నీ దండగ, పైన కొడితే కింద నుంచి ఎక్కుతయి.

రిటైర్డ్_పశువైద్యుడు

"పైన కొడితే కింద నుంచి ఎక్కుతయి" అన్నారు చూడండి, అసలు విషయం అందులోనే ఉంది. కానీ దానికి జవాబు ఐవర్‌మెక్టిన్ కాదు.

థైలేరియా మోసే హయలోమా పిడుదు జీవితమంతా ఆవు మీద ఉండదు. రక్తం తాగి రాలిపోతుంది, గోడ పగుళ్లలో, గాడి కింద, రాళ్ల సందుల్లో దాక్కుని కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతుంది. ఆడది ఒక్కొక్కటి వేలల్లో గుడ్లు పెట్టేది కూడా ఆ పగుళ్లలోనే. ఆవు మీద మీకు కనిపించేవి కొన్నే, మిగతా సైన్యమంతా కొట్టంలో ఉంటుంది. మూడు నెలలకోసారి సూది వేస్తే ఆ మధ్యలో పగుళ్లలోంచి వచ్చినవి మళ్లీ ఎక్కి కూర్చుంటాయి. పైగా ఐవర్‌మెక్టిన్ పాలల్లోకి వస్తుంది, పాలిచ్చే ఆవుకి లేబుల్ చూడకుండా వేయడం, ఆ పాలు డెయిరీకి పోయడం సరైన పని కాదు.

రాతి గోడైతే సందులు సిమెంటుతో పూడ్చండి, మట్టి గోడైతే అలికి సున్నం కొట్టండి. ఆవు మీద డెల్టామెత్రిన్ గానీ అమిట్రాజ్ గానీ సీసా మీద రాసిన మోతాదులోనే నీళ్లలో కలిపి, వెంట్రుకలకి ఎదురుగా కొట్టాలి. ముందు కడుపునిండా నీళ్లు తాగించండి, లేకపోతే ఒళ్లు నాకుతుంది. ఎండలో వద్దు. చెవుల లోపలి అంచు, తోక కింద, గంగడోలు మడతలు, గిట్టల మధ్య వదిలేస్తే కొట్టినా ఒకటే కొట్టకపోయినా ఒకటే. జ్వరంతో ఉన్న ఆవు మీద ఇప్పుడే కొట్టకండి, కోలుకున్నాక చేద్దురుగానీ. ఇవాళ కొట్టం గోడలకి, నేలకి కొట్టండి, పశువుల్ని బయట కట్టి. గుడ్లు పొదిగి కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి రెండు మూడు వారాల తేడాతో మళ్లీ కొట్టాలి. ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే అలవాటుపడిపోతాయి, డాక్టర్‌ని అడిగి మార్చండి.

చేత్తో ఏరడం పాత పద్ధతి అని నవ్వకండి. పిడుదు అంటుకోగానే జబ్బు ఎక్కదు, దాని లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవి తయారవడానికి రెండు మూడు రోజుల రక్తం కావాలి. రోజూ పాలు పిండే ముందు తడిమి ఏరేస్తే చాలా వరకు ఆ లోపే పోతాయి. కానీ గోళ్ల మధ్య పెట్టి చిదమడం మానండి. ఇదే హయలోమా మనుషులకి క్రిమియన్ కాంగో జ్వరాన్ని కూడా మోస్తుంది, 2011లో గుజరాత్‌లో మన దేశంలో మొదటిసారి నిర్ధారణ అయింది. గ్లౌజు వేసుకుని కిరోసిన్ డబ్బాలో వేయండి.

డెల్టా_గేదె

మా కొట్టంలో నాటుకోళ్లు వదిలాక గాడి చుట్టూ చాలా తగ్గాయి సార్. మందు కొట్టిన రోజు మాత్రం వాటిని దగ్గరికి రానివ్వం.

కొత్త_పాడి

మా మండలం డాక్టర్ గారు వచ్చి రెండు స్లైడులూ తీశారు. రక్తం స్లైడ్‌లో అక్కడక్కడ ఉన్నాయన్నారు, గడ్డ స్లైడ్‌లో మాత్రం బాగా కనిపించాయట. థైలేరియానే. హిమోగ్లోబిన్ 5.8. అసలు ఎంత ఉండాలి సార్? కనురెప్ప బాగా పాలిపోయి ఉంది. సూది వేసే ముందు ఆయన టేపుతో ఆవుని కొలిచారు, ఎందుకో నాకు అర్థం కాలేదు. 20 మి.లీ. సీసా ఒకటి సరిపోదని రెండో సీసా కూడా తెప్పించారు. ఒకేచోట వేయకుండా మెడకి అటూ ఇటూ పంచి వేశారు. ఊళ్లో అతను వేసిన జ్వరం సూది ఖాళీ సీసా చూపిస్తే దాని మీద డైక్లోఫెనాక్ అని ఉంది, ఆయన ముఖం మారిపోయింది.

రిటైర్డ్_పశువైద్యుడు

కొలిచి వేశారంటే మంచి డాక్టర్ దొరికారు. మన పల్లెల్లో ఆవుని తూచే కాటా ఉండదు కదా. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ ఎన్ని అంగుళాలో చూసి, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవుతో మళ్లీ గుణించి 300తో భాగిస్తే పౌన్లు వస్తాయి. ఉదాహరణకి చుట్టు 70, పొడవు 58 అనుకోండి, సుమారు 947 పౌన్లు, అంటే 430 కిలోలు. బ్యూపార్వాక్వోన్ కిలోకి 2.5 మి.గ్రా. లెక్కన 1075 మి.గ్రా., మి.లీ.కి 50 మి.గ్రా. ఉండే మందైతే 21.5 మి.లీ. కంటిచూపుతో "ఓ 300 కిలోలుంటుందిలే" అని 15 మి.లీ. వేసి, మందు పనిచేయలేదని తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఖరీదైన మందు కాబట్టి తక్కువ వేయాలనే ఆశ పుడుతుంది. అవసరమైతే 48 గంటల తర్వాత రెండో డోసు వేస్తారు, అది ఆయన చూసుకుంటారు.

హిమోగ్లోబిన్ ఆవుకి మామూలుగా 8 నుంచి 15 మధ్య ఉండాలి. 5.8 తక్కువే, కానీ పశువు నిలబడి ఉంది, ఆయాసం లేదు కాబట్టి ఆగొచ్చు. ఇంకా పడిపోతూ 4 దగ్గరికి వచ్చినా, నాలుగడుగులు వేస్తేనే రొప్పుతున్నా రక్తం ఎక్కించాల్సి వస్తుంది. కంగారుపడకండి, ఆవుల్లో మొదటిసారి ఎక్కించే రక్తం చాలావరకు సరిపడుతుంది, ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఆవు నుంచి తీసి కొట్టంలోనే ఎక్కించగలరు. ఇచ్చే ఆవుకి కూడా ముందు స్లైడ్ చూడాలి, లేకపోతే కొత్త జబ్బు ఎక్కించినట్టే. సంకోచించకుండా ఇప్పుడే ఒక ఆవుని అనుకుని పెట్టుకోండి.

డైక్లోఫెనాక్ విషయానికి వస్తే, పశువులకి వాడకూడదని 2006లోనే నిషేధం. అది వేసిన పశువు చస్తే, ఆ కళేబరం తిన్న రాబందుల కిడ్నీలు పాడై చచ్చిపోయాయి, దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది దాని వల్లే. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. జ్వరానికి, నొప్పికి మెలాక్సికామ్ ఉంది. ఊళ్లో సూదులు వేసే అతన్ని నేను తిట్టను, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది అతనే. సీసా మీద పేరు చదవడం మాత్రం మన పని.

గోమార్లతో_వేగలేక

సార్ నేను అట్లనే వేసిన, పాల సంగతి తెల్వదు. ఇగ అడుగుతున్న, దీనికి టీకా లేదా? గాలికుంటుకి ఆరు నెలలకోసారి ఊరికే వచ్చి వేస్తున్నరు కద, దీనికెందుకు వెయ్యరు?

రిటైర్డ్_పశువైద్యుడు

ఉంది. మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ వాళ్లదే, రక్షావాక్ టి. గాలికుంటు టీకా ఊరూరా వేయడానికి 2019 నుంచి కేంద్రం పథకం నడుస్తోంది, ఆడదూడలకి 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారి వేసే బ్రూసెల్లా (చూడి నిలవనివ్వని జబ్బు) టీకా కూడా అందులోదే. థైలేరియా అందులో లేదు. ఇది బతికున్న, బలహీనం చేసిన పరాన్నజీవితో చేసిన టీకా, ద్రవ నైట్రోజన్‌లో ఉంచాలి, ఫ్రిజ్‌లో పెట్టి పంపే వీలు లేదు. బయటికి తీసి కరిగించాక వెంటనే వేసేయాలి. అందుకే ఒక్క దూడ కోసం ఎవరూ తేరు. చూడి ఆవులకి వేయరు.

కొత్త_పాడి గారూ, మీ ఆవు కోలుకున్నాక కూడా పరాన్నజీవి ఒంట్లో కొద్దిగా మిగిలే ఉంటుంది, దానికి మళ్లీ అంత తీవ్రంగా రాకపోవచ్చు కానీ పిడుదుల ద్వారా పక్కవాటికి ఎక్కుతుంది. అంటే ఇప్పుడు ప్రమాదం ఎక్కువ ఉన్నది దూడకి. దాన్ని ఆవు పక్కన కట్టకండి, శుభ్రమైన చోట వేరేగా కట్టి, రోజూ చెవులు తిరగేసి చూడండి. జ్వరం అనిపిస్తే ఆలస్యం చేయకుండా స్లైడ్ తీయించండి, దూడల్లో ఇది పెద్దవాటికంటే వేగంగా ముదురుతుంది.

కొత్త_పాడి

ఇవాళ 102.2 ఉంది సార్, నెమరు వేస్తోంది. గడ్డ ఇంకా ఉంది కానీ మెత్తబడింది. పాలు 4 లీటర్ల దగ్గర ఆగాయి. దూడని ఇంటి వెనక షెడ్డులోకి మార్చాం. ఈ పాలు ఇంట్లో తాగొచ్చా?

రిటైర్డ్_పశువైద్యుడు

ఈ జబ్బు మనుషులకి రాదు. కానీ వేసిన మందులు పాలల్లోకి వస్తాయి, ఒక్కో సీసా మీద ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాసి ఉంటుంది, అన్నింటిలోకీ ఎక్కువ ఏదుందో అన్నాళ్లు పారబోయండి. దూడకి కూడా పక్క ఆవు పాలు పట్టండి.

మదనపల్లె_డెయిరీ

కొత్త_పాడి అన్నా, మాది మీ పక్కే. మా పాల కేంద్రంలో ఇరవై మంది దాకా క్రాస్ దూడలున్నవాళ్లం ఉన్నాం. అందరం ఒకే రోజుకి పేర్లిస్తే నైట్రోజన్ డబ్బాతో టీకా తెప్పిస్తానని మా డాక్టర్ గారు చెప్పారు. మీ దూడకి మూడు నెలలు ఎప్పుడు నిండుతాయో తేదీ మెసేజ్ పెట్టండి, ఆ తర్వాత రోజే పెట్టుకుందాం. మీ ఊళ్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ల దూడల ఈనిన తేదీలు కూడా రాసి పెట్టండి.